పురుగుల డబుల్ బెడ్‌రూం

నాకు కోపం ఎక్కువ. మా ఆయన గోపాల్ ఈ మాట అంటే ఒప్పుకోను గానీ, నాకు నేనుగా ఒప్పుకుంటాను. ఊళ్ళో ఇరవై రెండేళ్ళు అంగన్‌వాడీ టీచరుగా చేస్తే ఎవరికైనా గొంతు పెరుగుతుంది, దాంతోపాటు కోపమూ పెరుగుతుంది. రెండేళ్ళ కిందట దసరా అయిపోయిన మర్నాడు మా బీర పందిరి కింద నిలబడి గోపాల్ అన్న మాటకు ఆ కోపం నషాళానికి అంటింది.

"రెండేండ్లాయె సుహాసినీ. పూత చూస్తే పందిరి నిండ ఉన్నది, కాయ చూస్తే లేదు. వచ్చే దసరాదాక చూస్త. గప్పుడు గూడ గిట్లనే ఉంటే తెల్లారే ట్రాక్టర్ పిలిచి కడీలు పీకిస్త. పత్తి పెట్టుకుందాం," అన్నాడు.

కడీలంటే పందిరిని మోసే రాతి స్తంభాలు. రామన్నపేట పక్కన మా ఊరి నేల సంగతి తెలిసినవాళ్ళకు చెప్పక్కర్లేదు, జానెడు తవ్వితే రాయి తగులుతుంది. అలాంటి నేలలో అరవై నాలుగు గుంతలు గోపాల్, నేనూ కలిసి తవ్వాం. అరవై నాలుగు కడీలు పాతాం. ఆ నెలంతా నా అరచేతుల్లో బొబ్బలు పగిలి, సెంటర్లో పిల్లలకు అన్నం కలపలేకపోయాను. వాటిని పీకిస్తాడట!

"ముందుగాల నన్ను పీకు. తర్వాత కడీలు పీకుదువు గని," అన్నాను.

ఆయన బదులు చెప్పలేదు. గోపాల్ అరిచాడంటే మర్నాటికి మరిచిపోతాడు. బదులు చెప్పలేదంటే ఆ మాట మీద ఉన్నట్టే. నాకు భయం వేసింది.

బీర తీగకు ఆడ పువ్వు అడుగున వేలంత పిందె ఉంటుంది. పోతు పువ్వు పుప్పొడి తగిలితే ఆ పిందె కాయవుతుంది. తగలకపోతే మూడు రోజుల్లో పసుపు రంగుకు తిరిగి రాలిపోతుంది. ఆ పుప్పొడిని మోసే తుమ్మెదలూ ఈగలూ మా పందిరికి రావడం మానేశాయి. బీర పువ్వు సాయంత్రం విచ్చుకుంటుంది కాబట్టి, సెంటర్ తలుపులు వేసి వచ్చి పోతు పూలు తెంపి ఒక్కొక్క ఆడ పువ్వుకూ తాకించడం నా పనైంది. నడుము విరిగేది. దారిన పోయేవాళ్ళు "టీచరమ్మ పూలకు పెండ్లి చేస్తాంది" అని నవ్వేవాళ్ళు. వంద పెళ్ళిళ్ళు చేస్తే ముప్పై కాపురాలు నిలబడేవి.

తుమ్మెదలు ఎందుకు పోయాయో మా అత్త అమృతమ్మ చెప్పింది. ఎనభై దాటిన మనిషి. చూపు తగ్గింది గానీ నోరు తగ్గలేదు.

"మన గూన పెంకుల ఇల్లు కూలగొట్టి గీ సిమెంటు డబ్బ కట్టిననాడే పోయినయ్ బిడ్డా. గా దూలాలల్ల బొక్కలు చేసుకొని తుమ్మెదలుండేటియి. మట్టి గోడలల్ల ఈగలుండేటియి. మీరు కొత్తిల్లు కట్టుకున్నరు. మరి వాటికెవరు కట్టిన్రు?"

ఇదొక కారణం. ఇంకో కారణం మా పక్క చెలకలోనే ఉంది. అది మా మరిది వీరేశంది, గోపాల్ చిన్నాన్న కొడుకు. నాలుగు రోజులకోసారి తైవాన్ పంపు వీపుకు తగిలించుకుని తన వంకాయ, చిక్కుడు తోటలకు మందు కొడతాడు. కొట్టేదీ సరిగ్గా మా బీర పూసే వేళకే. గాలి మా వైపుకే వీస్తుంది. వద్దురా నాయనా, పురుగుల్లో మనకు పనికొచ్చేవి కూడా ఉంటాయని ఎన్నిసార్లు చెప్పానో!

"పురుగు పురుగే వదినె. మంచి పురుగు, చెడ్డ పురుగు అని వాటికి ఆధార్ కార్డులుంటయా?" అనేవాడు.

సరే, నా ఇంటి పని నేను చూసుకుంటానని, ఫోన్లో వీడియో చూసి ఒక చెక్కపెట్టె చేయించాను. దాన్నిండా వెదురు ముక్కలు పేర్చాను. సెంటర్ తలుపులకు వేయగా మిగిలిన నీలం రంగు పూసి, వేపకొమ్మకు వేలాడదీశాను. చూడ్డానికి ఎంత ముద్దుగా ఉందో! వీరేశం గట్టు మీద నిలబడి చూసి, కడుపు పట్టుకుని నవ్వాడు.

"ఊళ్ళె మనుషులే సర్కారు డబుల్ బెడ్‌రూం ఇండ్లకు ఎదురుచూస్తుంటే, నువ్వు పురుగులకు శాంక్షన్ చేసినవా వదినె?"

ఆ పూటే ఊరంతా పాకింది. దాని పేరు డబుల్ బెడ్‌రూం అయిపోయింది. రెండు నెలలు చూశాను. కిరాయికి దిగింది ఒక బల్లి, బోలెడు చీమలు. అంతే.

ఒకరోజు మా అత్త కర్ర ఊతంతో వేప కిందికి వచ్చి, ఆ పెట్టెను చేత్తో తడిమి ముఖం చిట్లించింది.

"గీ రంగు వాసనకు నాకే తల తిరుగుతాంది. ఊగే ఇంట్ల నువ్వుంటవా? గొట్టం రెండు దిక్కులా తెరిచి పెడితే గాలి కొట్టదా? పాత దూలం కొట్టంల పడి ఉన్నది గద, గది తెచ్చి కదలకుంట పెట్టు. పొద్దుపొడుపు దిక్కు మొఖం పెట్టు."

బడి మెట్లు ఎక్కని మనిషి నా చదువును నాలుగు మాటల్లో తేల్చిపారేసింది. సిగ్గేసింది. ఆ సాయంత్రమే పెట్టెను దించేశాను.

పశువుల కొట్టంలో మా పాత ఇంటి వేప దూలం ఉంది. డ్రిల్లింగ్ మిషను కిరాయికి తెచ్చి, రెండు ఆదివారాలు కూర్చుని దానికి బెజ్జాలు పెట్టాను. కొన్ని పెన్సిలంత, కొన్ని చిటికెన వేలంత. ఏ బెజ్జమూ అవతలికి తేలకుండా చూసుకున్నాను. వెదురును ఒక పక్క కణుపు ఉండేలా కోసి, ముక్కల్ని దూలం మీద పేర్చి, సందుల్లో మట్టి, పేడ కలిపి మెత్తాను. పైన రేకు వేశాను. దాన్ని పందిరి నడుమ రెండు కడీలకు తీగతో బిగించి కట్టాలి. దూలం లేపబోతే లేవలేదు. గోపాల్ చేతులు కట్టుకుని చూస్తున్నాడు. నేను రెండోసారి వంగేసరికి వచ్చి అవతలి కొస పట్టుకున్నాడు.

"నీ పురుగుల మీద ప్రేమతోటి కాదు. నీ నడుం పోతే ఇంట్ల కష్టం," అన్నాడు.

చీమలు ఎక్కకుండా కడీలకు పాత ఇంజినాయిలు గుడ్డలు చుట్టాను. గూళ్ళు మెత్తుకునే పురుగుల కోసం పగిలిన కుండపెంకులో తడిమట్టి పెట్టాను. గట్ల మీద బంతి విత్తాను.

ఏప్రిల్లో ఒక పొద్దున దూలం కింద సన్నని రంపపు పొట్టు కనిపించింది. తల ఎత్తి చూస్తే, బొటనవేలంత నల్ల తుమ్మెద ఒకటి బెజ్జంలోకి సగం దూరి, ఇల్లు వెడల్పు చేసుకుంటోంది. "వచ్చిందత్తా! వచ్చింది!" అని నేను వేసిన కేకకు మా అత్త చేతిలో చాయ్ ఒలికిపోయింది. "వస్తె వచ్చింది, నా చాయ్ పాయె," అంది గానీ, ఆమె ముఖం వెలిగిపోవడం నేను చూశాను.

మే నెలలో కుమ్మరి పురుగులు దిగాయి. సన్నటి నడుముతో ఉండే ఈ పురుగు కుమ్మరిలా మట్టి తెచ్చి గూడు కడుతుంది. అందులో పచ్చ పురుగుల్ని కుక్కి, గుడ్డు పెట్టి, మట్టితో మూత వేస్తుంది. వారంలో ఏడు బెజ్జాలకు మూతలు పడ్డాయి. నాకేమో పండగ. పొదుపు సంఘం ఆడవాళ్ళు వచ్చి చూసి, ఒకరి ముఖం ఒకరు చూసుకుని పకపకా నవ్వారు.

"ఏడు గూండ్లా! టీచరమ్మా, గర్భిణుల రిజిస్టర్ల నీ పేరు నువ్వే రాసుకుంటవా ఏంది?"

మా వైపు ఒక నమ్మకం ఉంది. కుమ్మరి పురుగు ఇంట్లో గూడు కడితే ఆ ఇంట్లో ఎవరో నీళ్ళు పోసుకున్నట్టేనంటారు. కడుపుతో ఉన్న పిల్ల ఇంట్లో ఉంటే, పురుడు వచ్చేదాకా ఆ గూడును ఎవరూ ముట్టరు. నలభై ఎనిమిదేళ్ళ నన్ను పట్టుకుని ఈ పరాచికాలా! "మన కడుపుల సంగతి పురుగుకెట్ల ఎర్కైతది? సిగ్గులేకుంట గిసొంటి మూఢనమ్మకాలు నమ్ముతరా?" అని అరగంట క్లాసు పీకి పంపాను. ఈ క్లాసు సంగతి గుర్తుపెట్టుకోండి. తర్వాత నాకు అదే అడ్డం పడింది.

జూన్‌లో మిరుగు కార్తె వానకు బీర గింజలు నాటాం. జూలై ఆఖరుకు తీగలు పందిరెక్కి పూత మొదలైంది. సాయంత్రమయ్యేసరికి పది, పన్నెండు తుమ్మెదలు జుమ్మని తిరిగేవి. ఇంక ఈ దసరాకు నన్ను ఎవడూ ఏమీ అనలేడనుకున్నాను.

నాలుగో రోజు వీరేశం మందు కొట్టాడు.

తెల్లారి చూస్తే పందిరి కింద నాలుగు తుమ్మెదలు వెల్లకిలా పడి ఉన్నాయి. ఒకటి ఇంకా కాళ్ళు ఆడిస్తోంది. నేను ఏడ్చాను, దాచుకోవడమెందుకు. ఏడ్చి, వాటిని కొంగులో ఏరుకుని నేరుగా వీరేశం ఇంటికి పోయి, అరుగు మీద కుమ్మరించాను.

"ఏం పాపం చేసినయ్ర నా కిరాయిదార్లు? నీ ఇంటికొచ్చి నీ కంచంల పడ్డయా?"

"నా వంకాయ పుచ్చువడితే నువ్వొచ్చి తింటవా వదినె? నా తోట, నా మందు!" అని వాడూ అరిచాడు. వాడి భార్య కోమల, నా యారాలు, మధ్యలో నిలబడి ఇద్దరికీ నీళ్ళిచ్చింది.

ఇంటికి వస్తే గోపాల్ నెమ్మదిగా అన్నాడు: "దసరాకు రెండు నెల్లే ఉన్నది సుహాసినీ. ట్రాక్టర్ గాలయ్యకు చెప్పి పెట్టిన." నాకు ఆ రాత్రి అన్నం సహించలేదు.

ఆ వారమే వీరేశం, కోమల హాలియా పోయారు. వాళ్ళ బిడ్డ మంజులతను అక్కడిచ్చారు. తొలిచూలు, ఏడో నెల. పురుటికి పుట్టింటికి తీసుకురావాలి. బిడ్డ వస్తుందని కోమల ఇల్లంతా కడిగింది. పంపును కూడా సబ్బుతో కడిగి వసారాలో కొయ్యకు తగిలించి పోయింది. శ్రీమంతం అదీ అయి, వాళ్ళు మంజులతతో తిరిగి వచ్చేసరికి ఆరు రోజులు పట్టింది.

వచ్చిన మర్నాటి సాయంత్రం ఆ ఇంట్లోంచి కోమల కేక వినిపించింది. పిల్ల జారిపడిందేమోనని పరుగెత్తాను. వసారాలో పంపుకు అడ్డంగా, రెండు చేతులూ చాపి కోమల నిలబడి ఉంది. మంజులత గడపలో నిలబడి చూస్తోంది. వీరేశం తల గోక్కుంటున్నాడు. పంపు గన్ను మూతి నిండా మట్టి. పిడి పక్కన ఉసిరికాయంత గూడు. దాని మీద నా దగ్గరి కిరాయిదారు ఒకటి తీరిగ్గా మూత వేస్తోంది.

"ముట్టినవంటే ఊకోను! తొలిచూలు బిడ్డ ఇంట్ల కాలు పెట్టంగనే కుమ్మరి పురుగు గూడు కట్టింది. గది ఇరగ్గొడ్తవా? నీకు చేతులెట్లొస్తయ్?" అంటోంది కోమల.

"జర కడిగితే పోతదే..."

"కడుగు! నన్ను దాటి పోయి కడుగు!"

వీరేశం నన్ను చూసి ప్రాణం లేచొచ్చినట్టు అన్నాడు: "వదినె, మంచిగొచ్చినవ్. నువ్వు చదువుకున్నదానివి. కడుపుతోటి ఉన్నోళ్ళకు చెప్పేదే నువ్వాయె. గిది మూఢనమ్మకమని గీమెకు చెప్పు."

అందరూ నా వైపు తిరిగారు. ఇరవై రెండేళ్ళ నా ఉద్యోగం నాలుక చివరికి వచ్చింది. సంఘం ఆడవాళ్ళకు పీకిన క్లాసు అక్షరం పొల్లుపోకుండా గుర్తుంది. చెప్పాలి. చెప్పడమే నా ధర్మం. కానీ వెల్లకిలా పడ్డ ఆ నాలుగూ కళ్ళ ముందు కదిలాయి.

"పిల్లలకు గుడ్లు, పాలు ఇచ్చుడు నా డ్యూటీ వీరేశం. పురుగుల సంగతి నాకేమెర్క? పురుగు పురుగే అన్నది నువ్వే గద," అన్నాను.

నేను ఇంటికొచ్చి తలుపు వేసుకుని నవ్విన నవ్వుకు మా అత్త కంగారుపడింది.

వీరేశం ఊరుకున్నాడనుకోకండి. పంపు అరువుకు అడుగుతూ నాలుగిళ్ళు తిరిగాడు. నాలుగిళ్ళలోనూ ఆడవాళ్ళే అడ్డుపడ్డారు. "నీ బిడ్డ నీళ్ళాడి లేచేదాక మా పంపు ఇయ్యం. గా పాపం మాకెందుకు?" అన్నారు. ఊరు ఊరంతా ఒక్క మాట మీద నిలబడడం నేను అప్పుడే చూశాను.

మొదటి పదిహేను రోజులు వాడి వంకాయలో సగం పుచ్చులే. ఆ మాట దాచను. వాడు ముఖం ముడుచుకుని గట్టు మీద తిరుగుతుంటే నాకు లోపల గుచ్చుకుంది కూడా. తర్వాత ఒక పొద్దున వాడే గట్టు మీంచి పిలిచాడు.

"వదినె! గీడికి రా! గా సన్నం నడుంది నా చిక్కుడుల కెంచి పచ్చ పురుగును ఎత్తుకపోయింది. నీ బిల్డింగుల పెట్టింది. మళ్ళొచ్చింది, ఇంకోటి ఎత్తుకపోయింది! పొద్దుగాల నుంచి తొమ్మిది!"

వాడు లెక్కపెడుతున్నాడు! పనంతా మానుకుని, తువ్వాల నెత్తికి చుట్టుకుని, నా కిరాయిదార్లను లెక్కపెడుతున్నాడు. వంకాయ పుచ్చులు పూర్తిగా పోలేదు గానీ, చిక్కుడు మాత్రం గెలలకు గెలలు దిగింది.

ఇక నా పందిరి. ఒక సాయంత్రం నేను కావాలనే ఒక్క పువ్వుకూ పెళ్ళి చేయలేదు. చేతులు ఒళ్ళో పెట్టుకుని రాయి మీద కూర్చున్నాను. పందిరంతా పసుపు పచ్చగా విచ్చుకుంది. దూలంలోంచి తుమ్మెదలు ఒక్కొక్కటే బయటికొచ్చి, పోతు పువ్వులో దొర్లి, వీపంతా పుప్పొడి పూసుకుని ఆడ పువ్వు మీద వాలుతున్నాయి. మూడు రోజులకు పిందెలు రాలతాయా నిలబడతాయా అని రోజులు లెక్కపెట్టుకున్నాను. మూడో రోజు పొద్దున చూస్తే ఒక్కటీ పసుపు తిరగలేదు. అన్నీ పచ్చగా, బిగువుగా, కిందికి సాగుతున్నాయి. వారం తిరిగేసరికి గోపాల్ పందిరి కింద నడుస్తూ తల వంచుకోవాల్సి వచ్చింది, బీరకాయలు తగులుతాయని. ఆయన ఏమీ అనలేదు. ఏమీ అనకపోతే ఏమిటో నాకు తెలుసు కాబట్టి నా భయం నాకుంది.

సద్దుల బతుకమ్మ ఇంకా నాలుగు రోజులుందనగా మంజులతకు ఆడపిల్ల పుట్టింది. తల్లీ పిల్లా దవాఖాన నుంచి చల్లగా ఇంటికొచ్చారు. గుడ్లు, పాలు పట్టుకుని చూడబోయాను. కోమల బయటికి పోయినప్పుడు నా మనసులోది కక్కేశాను.

"బిడ్డా, నేను తప్పు చేసిన. గూడుకూ కడుపుకూ ఏ సంబంధం లేదు. ఎర్కుండి గూడ ఆ రోజు నోరు మూసుకున్న. నా తీగల కోసం."

మంజులత పిల్లను భుజాన వేసుకుని మెల్లగా నవ్వింది.

"నేను నర్సింగ్ చదివిన పెద్దమ్మా. నాకు ఎర్క లేదా? మందు వాసనకు నాకు వాంతులైతయని, నేనొచ్చినంక కొట్టకు బాపూ అని ఫోన్ల ఎన్ని తాపల చెప్పిన్నో. ఇన్లే. ఆ రోజు గూడు ముందుగాల చూసింది నేనే. అమ్మను పిలిచి చూపెట్టిన. బిడ్డ చెప్తే ఇనని బాపు, పురుగు చెప్తే ఇన్నడు."

నాకు నవ్వొచ్చింది, వెంటనే కళ్ళల్లో నీళ్ళూ వచ్చాయి. దాని తల నిమిరి లేచాను.

దసరా మర్నాడు తెల్లారింది. పొద్దున్నే ట్రాక్టర్ చప్పుడు. గాలయ్య గొలుసు దించుతున్నాడు. గోపాల్ గడ్డపార భుజాన పెట్టుకుని వస్తున్నాడు. నేను పరుగున పోయి దూలం ఉన్న కడీలను ఆనుకుని నిలబడ్డాను.

"ఏ వరుస కెంచి పీకాలె గోపాలన్నా?" అని గాలయ్య అడిగాడు.

గోపాల్ నన్ను చూశాడు, నెత్తి మీద వేలాడే కాయల్ని చూశాడు.

"పీకుడెవడు చెప్పిండు? గొలుసు అవతల పడేసి ట్రాలీ తిప్పు. బీరకాయ అంగడికి పోవాలె. వచ్చేటప్పుడు ఇరవై కడీలు ఏస్కొని రా. గడ్డపార గందుకే తెచ్చిన, గుంతలు ఇయ్యాల్నే మొదలుపెడ్త."

"ఇరవై కాదు, నలభై తే! నాకు సగం!" అని గట్టు అవతలి నుంచి వీరేశం అరిచాడు. "నా చిక్కుడు గూడ గా ట్రాలీలనే పోతది!"

నేను గోపాల్‌ను తిట్టాను. ముందే చెబితే నోరు అరుగుతుందా అని చెడామడా తిట్టాను. ఆయన నవ్వుతూ తిట్లన్నీ తిన్నాడు.

అంతలో వీరేశం గట్టు దాటి వచ్చాడు. వాడి భుజాన తైవాన్ పంపు. నాకు మళ్ళీ మండింది.

"పురుడైందో లేదో అప్పుడే దించినవా?"

"ఆగు వదినె, ఏంది తొందర!" అని వాడు పంపు తిప్పి చూపించాడు. పాత గూటికి రెండు బెజ్జాలు పడి పిల్లలు ఎగిరిపోయాయి. దాని పక్కనే కొత్త మట్టి, ఇంకా తడిగా ఉంది. "ఖాళీ చేయమంటే చేస్తలేరు. గిది గూడ నీ కాలనీలనే పెట్టుకో."

వాడి చేతిలోంచి పంపు అందుకుని, పొద్దుపొడుపు దిక్కుకు తిప్పి, దూలం పక్కన కడీకి గట్టిగా కట్టాను.